చీటీ

వన్ టౌన్లో మేడమెట్ల కింద
బల్లంత కొట్టు రహంతుల్లాది.
కంటికి భూతద్దం బిగించి
నా ఫేవర్ లూబా పొట్ట విప్పాడు.
"బ్యాలెన్స్ ఇరుసు విరిగింది.
డూప్లికేటు వేస్తే తిరుగుద్ది.
తిరగడం వేరు, టైము చెప్పడం వేరు."

పిప్పరమెంటు డబ్బాలు, హోమియో సీసాలు,
మూడు నెలలు గాలించాం.
వెంట్రుకవాసి తేడాతో అన్నీ పరాయివే.

అడుగు సొరుగులో దొరికింది చివరికి
అచ్చం దీని కవల.
దారంతో కట్టిన చీటీ:
కంకిపాడు వీరరాఘవులు. అద్దం మార్చాలి.
శుక్రవారం వస్తారు.
ఏ శుక్రవారమో, సిరా గోధుమరంగు తిరిగింది.

"అందులోది తీసెయ్ భాయ్" అన్నాను.

మాట్లాడకుండా కీ ఇచ్చి
నా చెవికి ఆనించాడు.
నడుస్తోంది.
"ఆయనది అద్దమే కదా పగిలింది."

సొరుగు మూసి
నాకూ ఒక చీటీ రాశాడు.
వారం పేరు దగ్గర
కలం ఆగింది.