అనుబంధం మూడు

వాల్దీవియాలో వాన ఆగదు, ఆగినట్టు నటిస్తుంది.
విశ్వవిద్యాలయం నేలమాళిగలో నేనూ స్కానరూ,
హీటరు మీద ఆరుతున్న నా మేజోళ్ళూ.

పొద్దుటినుంచి ఎక్కించినవి చాలానే.
గొర్రెల డెక్కలు ఎందుకు కుళ్ళుతాయో నూట నలభై పేజీలు.
ఒక వంతెన కూలకముందు వేసిన లెక్కలు,
అవి తప్పేమో, దిద్దే హక్కు నాకు లేదు.
పెంగ్విన్ రెట్టలో పాదరసం.
చేపల రేవులో ఆడవాళ్ళ జీతాల పట్టిక, ఒక గడి నిండా కాఫీ మరక.
అన్నిటికన్నా నాకిష్టమైనది
ఆరేళ్ళు నాచుని కొలిచి కొలిచి
చివరి అధ్యాయంలో
"ఆశించినదేమీ కనబడలేదు" అని సంతకం పెట్టిన ఆయన.
ఆ వాక్యం రాయడానికి ఎంత గుండె కావాలి!

ప్రతిదానికీ ఐదు ముఖ్యపదాలు.
ఆరోది యంత్రం ఒప్పుకోదు.
మనిషి యవ్వనాన్ని ఐదు మాటల్లో కుదించి
తలుపు తెరిచిపెడతాను.
తాళం లేదు, రుసుము లేదు, ఎవరైనా రావచ్చు.
ఎవరూ రారు.
అడవి గాచిన వెన్నెల అంటారే, అదే.
కాకపోతే వెన్నెలకి ఎవరూ
"డౌన్‌లోడ్లు: సున్నా" అని చీటీ అంటించరు.

మంగళవారం ఫోను మోగింది. చిలోయె దీవి నుంచి.
"మా అమ్మ మీ దగ్గరుందట."
ఆసుపత్రి నంబరు వేరండీ అన్నాను.
"కాదు, మీ దగ్గరే. నూట పన్నెండో పేజీలో."

నొల్బెర్తో నవెల్కీన్ ఆయన పేరు.
మేనకోడలు బడిపని కోసం దుంపల పేర్లు వెతుకుతుంటే
రొసామెల్ బర్రీయా సిద్ధాంత గ్రంథం దొరికింది, 1987ది.
(ఆ రొసామెల్ ఇప్పుడు ఒసోర్నోలో టైర్లమ్ముతాడట.)
అందులో ఆమెకి పేరు లేదు.
నీతి సంఘం నియమం: సమాచారదాత 14.
"దుంప సిగ్గరి, లెక్కపెడితే ముడుచుకుంటుంది"
అని ఒక్క మాట అచ్చయింది.
అంత చాలింది కొడుక్కి.
ఏ సంఘం దాచగలదు అమ్మ మాట తీరుని?

అడుగున చిన్న అక్షరాల్లో: "ధ్వని, అనుబంధం మూడు."
నొక్కితే, ఈ రకం ఫైలు తెరుచుకోదు అంది నా కంప్యూటరు.
ఎవరో ఎప్పుడో క్యాసెట్టుని
అప్పటి కొత్త పెట్టెలోకి మార్చి చేతులు దులుపుకున్నారు.
కొత్తవే ముందు పాడవుతాయి.
రిటైరైన ఎలియొదోరో ఇంటికెళ్ళాను,
చదరంగం ఆడటానికే ఆయన బతికించుకుంటున్న
ఒక ముసలి యంత్రం ఉంది.
మూడో రోజు, రాణిని పోగొట్టుకున్న కోపంలో ఏదో నొక్కాడు,
గది నిండా కోడి కూసింది.

ఇరవై రెండు నిమిషాలు.
ఎదెల్మీరా చిగ్వాయ్ దుంపల్ని పిలుస్తోంది:
మంత్రగత్తె, మేకపిల్ల, పంది ముక్కు,
అత్తగారి మోకాలు (ఇక్కడ నవ్వు).
కెటిల్ ఈల. ఎవరో దగ్గారు.
రొసామెల్ రాతప్రతిలో అక్కడ "అస్పష్టం" అని ఉంది.

ఫోనులో వినిపించాను.
నొల్బెర్తో అమ్మ గొంతుకి ఏడవలేదు,
"అలాగే మాట్లాడేది" అన్నాడు, అంతే.
దగ్గు దగ్గర ఆపమన్నాడు.
మళ్ళీ పెట్టమన్నాడు.
"అది మా నాన్న.
ఆయన మాట ఎవరూ పట్టలేదు.
ఆ ఏడే పడవతో పోయాడు."
మళ్ళీ పెట్టాను.
ఎలియొదోరో పావులు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు.

వెనక్కొచ్చి రికార్డు తెరిచాను.
శీర్షికకి గడి ఉంది, సంవత్సరానికి ఉంది,
పుటల సంఖ్యకి, హక్కులకి, నిధులిచ్చినవారికి ఉంది.
దగ్గుకి లేదు.
ముఖ్యపదాలు ఐదూ నిండి ఉన్నాయి.
"వ్యవసాయం" చెరిపేశాను, అదెలాగూ ప్రతిదాంట్లో ఉంటుంది.
ఆ ఖాళీలో "దగ్గు" అని రాశాను.

ఇక ఏ వార్సాలోనో ఊపిరితిత్తుల డాక్టరు ఒకడు
అర్ధరాత్రి వెతుక్కుంటూ వచ్చి
మోకాళ్ళ దాకా దుంపల్లో దిగబడతాడు.
దిగబడనీ.
మేజోళ్ళు ఇంకా ఆరలేదు.