మూడో వరుస

హెబ్బాళ నర్సరీలో కానుగలన్నీ
ఒకే రోజు నాటినవే.
అదే ఎర్రమన్ను, అవే పైపు నీళ్లు.

ఫిబ్రవరి ఇంకా చలి విదల్చకముందే
కదిరి గింజల వరుస
లేతాకు విప్పేసి తళతళలాడింది.
మూడో వరుస శివమొగ్గది,
పేరులో మొగ్గున్నా
మోడై నిలబడింది.

"చచ్చిపోయినట్టేనా?" అన్నాడు కొత్త సారు.
ఓబులమ్మ గోటితో బెరడు గీకి
లోపలి పచ్చ చూపించింది.
"వాటి ఊర్లో ఇంకా తెల్లారలే సార్."

రిజిస్టరులో తేదీ వేసి
ఆకు గడిలో సున్నా చుట్టింది.

ఈ ఊరొచ్చి పదకొండేళ్లు.
గదిలో కొళాయి ఎప్పుడు తిప్పినా ధార.
అయినా రాత్రి మూడింటికి మెలకువ.
మడకశిర వీధిలో నీళ్లొదిలే వేళ
చీకట్లో చెయ్యి
బిందె కోసం తడుముతుంది.