షట్టరు మీది నంబరు

మంగళవారం పొద్దున నా ఖాతా మూతబడింది.
నియమం తప్పానట. ఏ నియమమో చెప్పలేదు.
మొర పెట్టుకోమంది, పెట్టుకున్నాను.
"మీ సహనానికి ధన్యవాదాలు" అని జవాబు.
నాకు సహనం ఉందని ఎవరు చెప్పారో.

పదకొండేళ్లు. ఆరు వందల నలభై మంది.
డయాలసిస్ మిషన్లు బాగుచేసేవాళ్లు,
పంపులు తెచ్చేవాళ్లు, కాలిన బోర్డులు అతికేవాళ్లు.
కోఠి, బాలానగర్, చర్లపల్లి, రాణిగంజ్
అందరం ఒక్క కిటికీలోంచే పలకరించుకున్నాం.
ఆ కిటికీకి గడియ అవతలి వైపున ఉందని
అప్పటిదాకా చూసుకోలేదు.

రాత్రి తొమ్మిదింటికి మలక్‌పేట నుంచి సిస్టర్ సువార్త:
"మేడం, మూడో నంబరు మిషను ఎర్రలైటు.
పొద్దున ఆరింటికి పేషెంటు ఉన్నది."
నీళ్లవైపు పంపు. సీలు పోయింది.
పావలా బిళ్లంత రబ్బరు ముక్క.
అది నాకు తెలిసి ఊళ్లో ఒక్కరి దగ్గరే దొరుకుతుంది:
సీల్ భాయ్.
అంతే. నాకు తెలిసిన పేరు అంతే.

నాలుగేళ్లుగా ఆయన సరుకే వాడుతున్నాను.
బండి మీద ఎవరో పిల్లగాడు తెచ్చి, డబ్బు పట్టుకెళ్లేవాడు.
రంజాన్‌కి నెలవంక బొమ్మ పంపాను,
వాళ్లమ్మ పోయినప్పుడు చేతులు జోడించిన బొమ్మ.
ఫోను నంబరు అడగలేదు.
పచ్చచుక్క వెలుగుతుంటే
మనిషి ఉన్నట్టే కదా అనుకున్నాను.

కళ్లు మూసుకుని ఆయన ఫొటో గుర్తు చేసుకున్నాను.
మొహం కాదు, మొహం వెనకాల:
సగం ఎత్తిన ఆకుపచ్చ షట్టరు,
మోటార్ల దుకాణం బోర్డు చివరి రెండక్షరాలు,
తీగల మీద పతంగి ఎముకలు.

రాత్రి పది దాటాక రాణిగంజ్‌లో
షట్టర్లన్నీ దించే ఉంటాయి, సగం ఆకుపచ్చవే.
లారీ మీంచి పైపులు దించుతున్న హమాలీలను అడిగాను.
సీల్ భాయ్ ఎవ్వరికీ తెలియదు.
"చిన్న రబ్బరు సీళ్లు అన్నా, దవాఖాన మిషన్లవి..."
"గట్ల చెప్పు! ఖమరుద్దీన్ సాబు.
గా సందుల, ట్రాలీలు పెట్టే కాడ."

ఖమరుద్దీన్.
ఆ పేరును పైకి అనుకుంటూ సందులోకి నడిచాను.

షట్టరు మీద తెల్లరంగుతో
నా అరచేతంత అంకెలు, పది.
పైన పాత లాండ్‌లైను నంబరు, కొట్టేసి ఉంది.
ఏడో అంకె వానకు కారింది: ఒకటో, ఏడో.
ఒకటి అనుకుంటే ఎవరో నిద్రలోంచి తిట్టారు.
ఏడు అనుకుంటే ఆయన.

కవాడిగూడ నుంచి స్కూటర్ మీద వచ్చాడు,
ఫొటోలో కంటే పొట్టి, దగ్గు.
"నంబరు ఇర్వై ఏండ్ల సంది గిక్కడ్నే ఉన్నది బేటా.
నువ్వే రాలె."

షట్టరెత్తి లోపల లైటు వేశాడు.
గోడ నిండా నంబర్లు, బొగ్గుతో, మార్కర్‌తో, మేకు గీతలతో.
పక్కన గుర్తులు: "బోర్డు, బాలానగర్ పొడుగాయన."
"పంపు లీకు, అప్పు ఉన్నది."
నూటఇరవై రూపాయలు తీసుకుని సీలు చేతిలో పెట్టి
నా నంబరు చెప్పమన్నాడు.
పేరు కూడా రాయమన్నాను. వకుళ.
ఉర్దూలో రాశాడు.
నాకు చదవడం రాదు. నాదేనని నమ్మాను.

ఆరింటికి మిషను తిరిగింది.

తొమ్మిదో రోజు ఖాతా తెరుచుకుంది, పొరపాటైందట.
అప్పటికి కోఠిలో కొన్న పొడుగు పుస్తకంలో
నలభై మూడు పేజీలు నిండాయి.
మిగిలినవాళ్లకు ఒక్కొక్కరికే రాస్తున్నాను:
మీ నంబరు, మీ దుకాణం గుర్తు,
మీ అసలు పేరు చెప్పండి.
ఇద్దరు నన్ను మోసగత్తె అనుకుని అడ్డగించారు.
చర్లపల్లి సుధీష్ణ తన చెల్లెలి నంబరు కూడా ఇచ్చింది,
తనది ఎత్తకపోతే అని.
ఒకాయన మాత్రం అడిగాడు:
"ఎందుకు మేడం, ఇక్కడే ఉన్నాం కదా?"

జవాబు ఇంకా టైపు చేస్తూనే ఉన్నాను.