రివర్స్ బజర్

కౌంటీ క్లబ్బు మూతపడ్డప్పుడు
నలభై గోల్ఫ్ బండ్లు వేలానికొచ్చాయి.
పన్నెండో నంబరు ఆర్లిస్ డబ్నీ పాడుకున్నాడు.
జన్మలో ఒక్క బంతి కొట్టినవాడు కాదు.
కాగితం మిల్లులో రోలరు మోకాలు తినేశాక
అడవి అతనికి కిటికీలోంచి కనబడేదే తప్ప
కాలికి తగిలేది కాదు.

"ట్రూలా, దీన్ని అడవికి పనికొచ్చేట్టు చెయ్యి" అన్నాడు.
నా వెల్డింగు షెడ్డులో మూడు వారాలుంది అది.
ఆరంగుళాలు పైకెత్తాను.
బురదను కొరికే టైర్లు తొడిగాను.
కర్రల సంచీ నిలబడేచోట తుపాకీకి కొక్కెం,
దానికి సైకిలు ట్యూబు చుట్టాను
ఇనుమూ ఇనుమూ మాట్లాడుకోకుండా.
తెల్లటి ఒంటి మీద నిజం ఓక్ ఆకులు పరిచి
చుట్టూ ఎండుటాకు రంగు, బురద రంగు అద్దాను.
వెనక సీటు మడిస్తే
పడిన జంతువును పడుకోబెట్టే బల్ల.
అంతా అయ్యాక షెడ్డు చుట్టూ ఒక తిప్పు తిప్పితే
పిల్లి వచ్చి దీని దగ్గర నడక నేర్చుకోవాలనిపించింది.

ఒక్కటి మరిచాను.
మరిచానా? ఆ మాట తర్వాత.

నవంబరు. అలబామా ఎర్రమట్టి మీద
పేలపిండి చల్లినట్టు మంచు.
కాలెత్తి లోపల పెట్టడానికి మనిషి కావాలి గనక
నేనూ వెళ్ళాను, నేనే నడిపాను.
బ్యాటరీ బండికి ఊపిరి లేదు,
వినబడేదంతా మా ఇద్దరిదే.
అతని మోకాలికి రాసిన మందు ఘాటు
పైన్ చెట్లన్నిటినీ దాటుకుని ముందు పోతోంది.
డాష్‌బోర్డు అరలో పాత స్కోరు కార్డులు, అరచేతిలో దాగే పెన్సిలు.
ఒకటో గడిలో రాశాడు: ఆడజింకలు రెండు.
రెండో గడిలో: ఏమీ లేదు, నక్క వాసన.
మూడో గడి దగ్గర పెన్సిలు ఆగింది.

ఎనిమిది కొనల కొమ్ములు.
ఓక్ మాను వెనక సగం, వెలుతుర్లో సగం.
ఆర్లిస్ రెండు వేళ్ళూపాడు: వెనక్కి, కొంచెం, ఒక మంచం పొడవు.
నేను స్విచ్చి తిప్పాను.

కీఁ. కీఁ. కీఁ.

ఆసుపత్రి వెనక సందులో చెత్తబండి వస్తున్నట్టు
అడవి మొత్తానికి చాటింపు.
అది వెంటనే పరుగెత్తలేదు.
తన పేరెవరో తప్పు పలికినట్టు మావైపు చూసింది.
అప్పుడు తోక లేచింది, తెల్లగా,
పొదలు మూసుకున్నాయి.

ఆర్లిస్ భుజాలు కదులుతున్నాయి. చలి అనుకున్నాను.
"దారి ఇమ్మంటోందే, ట్రూలా! జింకను దారి ఇమ్మంటోంది!"
నవ్వితే మోకాలు లాగి, తిట్టి, మళ్ళీ నవ్వాడు.
మూడో గడిలో రాసింది ఒక్క కీఁ.

ఇప్పుడా మాట.
సెప్టెంబరులో కటింగ్ ప్లయరు నా చేతిలోనే ఉంది.
సీటు కింద పసుపు తీగ రెండు దవడల మధ్యే ఉంది.
మా తమ్ముడు లామార్ వెనక
కలప లారీ చప్పుడు చేయకుండా వచ్చింది, అంతే.
సీటు మూసి రంగుడబ్బా అందుకున్నాను.
ఆర్లిస్‌కి ఇది చెప్పలేదు.

ఫిబ్రవరిలో బ్యాటరీలు మార్చడానికి తెచ్చాడు.
సీటెత్తి చూపించాను.
చాలాసేపు చూశాడు. ఏదో మెత్తని మాట అంటాడనుకున్నాను.
"ఫ్రీజరు ఖాళీ. మనవళ్ళు వచ్చే వేసవికి కూడా
బీన్సే తినాలా? కొయ్యి."
కోశాను. బజరును జేబులో వేసుకున్నాడు,
ఎందుకో అడగలేదు.

డబ్బిచ్చి, ఎక్కి, బండి వెనక్కి తీశాడు.
చప్పుడు లేదు.
గేటు దగ్గర ఎండలో పడుకున్న నా కుక్క
చెవైనా కదపలేదు.
నేను అరిచాను,
"కీఁ" అనే అరిచాను.
టైరు దాని తోకకి జానెడు దూరంలో ఆగింది.