మూడో లైను

పొద్దున్న ఐదున్నరకి
భుజాన స్పానరు, సుత్తి, చుట్టిన రెండు జెండాలు,
సంచిలో చద్దన్నం, ఉల్లిపాయ.
సింహాచలం నార్త్ నుంచి మర్రిపాలెం కేసి
ఒక్కో కీ మీద ఒక్కో దెబ్బ వేసుకుంటూ నడుస్తాను.
బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది.
వదులైనది దగ్గుతుంది.

అప్పులైనూ డౌన్‌లైనూ నాకు తెలిసిన గొంతులే.
మూడోది మాట్లాడదు.

దానికి మట్టి పోసి ఏడేళ్లు.
గెడ్డ మీద రెండు స్తంభాలు లేచాయి, గర్డరు రాలేదు.
స్తంభాల నెత్తిన ఊచలు ఉప్పుగాలికి తుప్పెక్కి
వానపడితే సిమెంటు మీద బెల్లం పాకంలా కారతాయి.
దొంతర పెట్టిన స్లీపర్ల మీద
గుంటలు బొగ్గుతో క్రికెట్ స్కోరు రాసుకుంటారు.
పెద్దసార్లు వచ్చే ముందురోజు
రాళ్లకి సున్నం వేయిస్తారు.
మార్చికి అయిపోతుందంటారు.
ఏ మార్చికని అడిగితే
మా మేస్త్రి సూరిదేముడు బీడీ వెతుక్కుంటాడు.

మొన్న కార్తీకంలో తుపాను రాత్రి
పెట్రోలింగు నాది.
ముందు ఖనిజం గూడ్సు, ఆ వెనక సిగ్నలు చచ్చి
పలాస పాసింజరు ఔటర్లో రెండు గంటలు.
పెట్టెల్లో పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు.
మొదట దిగింది గరికిన పోలమ్మ,
నెత్తళ్ల వాసన పోని ఖాళీ తట్టతో.
"ఈ కొత్త లైను మీద బండొస్తాదేటి బాబూ?"
"రాదమ్మా."
"మరింకేటి, బయం లేదు. ఎల్తాం."

ఆమె వెనక ఒకరు, ఆ వెనక పదిమంది,
తర్వాత లెక్క తప్పింది.
సెల్‌ఫోన్ల వెలుగులు వరసకట్టి
ఎర్రమట్టి మీద మెల్లగా కదిలాయి.
ఆపాలి నేను. రూలు అదే.
గర్డరు లేనిచోట అందరూ గెడ్డలోకి దిగారు,
మోకాలి లోతు నీళ్లు,
ఎవరి పిల్లాడో నా మెడ మీద.
అవతలి గట్టున నిలబడి
నా చెయ్యి దానంతటదే లాంతరు తిప్పింది,
ఆకుపచ్చ వైపు.

తెల్లారి డైరీలో రాశాను:
డౌన్‌లైను రెండు కీలు వదులు, బిగించడమైనది.
అంతే రాశాను.

వాన వెలిశాక అటు పోయి చూస్తే
మట్టిలో పాదాలు గట్టిపడి ఉన్నాయి,
అన్నీ ఇంటివైపే.
సుత్తి దించాను,
కొట్టలేదు.