కొట్టేసిన గీత

పలాసలో జీడి బట్టీల పొగ
ఎనిమిది కొట్టేసరికి క్లినిక్ కిటికీ దాకా వస్తుంది.
నేనొచ్చి పదకొండు రోజులే,
ఆ వాసన ఇంకా గొంతులో నిలబడుతోంది.

కుర్చీలో లోలాక్షి.
కింది దవడ, ఎడమవైపు, ఆరో పన్ను.
సగం పుచ్చిపోయింది,
మిగతా సగం మొండికేసి కూర్చుంది.
చెంప పొంగి కన్ను చిన్నదైంది.
అద్దం నోట్లో పెట్టగానే
ఆవిడ వేళ్ళు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి,
జీడి నూనెకి నల్లబడి తోలు లేచిపోయిన వేళ్ళు.
వాటికి మందు రాయమని ఆవిడా అడగలేదు,
నేనూ అడగలేదు.

నా పెన్ను అప్పటికే పరుగులో ఉంది.
అమాక్సిసిలిన్ ఐదు వందలు, మూడు పూటలా.
డైక్లోఫెనాక్ యాభై, ఉదయం, రాత్రి, అన్నం తిన్నాక.
కడుపు మండకుండా ఒకటి, పరగడుపున.
రెండో ఏడాది వైవాలో
ఈ వరసే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పితే
భానోజీరావు సార్ పదికి ఎనిమిది వేశారు.
రెండు ఎందుకు తగ్గించారో
అప్పుడు అడగాలనిపించలేదు.

"సీటీ సింపీ ముందు ఒక మాట పాపా,
నాకు కిరాటినుందమ్మా.
మొన్న సోంపేటలో సూత్తే
మూడూ పాయింటు రెండు."

మా విజయనగరంలో ఆడవాళ్ళు
బంగారం రేటు పైసలతో సహా చెప్తారు.
ఉద్దానంలో ఇది చెప్తారు,
గొంతు తగ్గించకుండా,
పక్క కుర్చీలో వాళ్ళు తలెత్తకుండా.

ఆ పేజీ నాకు గుర్తుంది.
అడుగున, చిన్న అక్షరాల్లో,
మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఇవ్వరాదు.
పసుపు రంగు కూడా పూశాను దానిమీద.
పుస్తకంలో వ్యాధి ఒక మాట.
ఇక్కడ అది టిఫిన్ క్యారేజీ పట్టుకుని
ఏడింటి ఆటో ఎక్కి వచ్చింది.

ఇన్నాళ్ళూ నొప్పికేం వేసుకున్నావు అన్నాను.
కొంగు ముడి విప్పింది.
ఎర్ర బిళ్ళల అట్ట. పదిలో ఆరు ఖాళీ.
"కొట్లో నొప్పి బిళ్ళంటే ఇదే ఇత్తాడు.
పొద్దున ఒకటేసుకుంటే ఆ రోజు కూలి దక్కుతాది."
ఎన్నాళ్ళుగా?
"పన్ను నొప్పికా? నడుం నొప్పికా?"

నేను జవాబు వెతుక్కుంటుంటే
బయట నేపాసెంజరు కూత వేసి వెళ్ళిపోయింది.

రాసినదాన్ని కొట్టేశాను. ఒక గీత చాలలేదు,
అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి, మళ్ళీ కొట్టాను.
పారాసెటమాల్ రాశాను.
యాంటీబయోటిక్‌కి ఎన్ని గంటల ఎడం ఇవ్వాలో
ఆవిడ్ని చూసే కిడ్నీ డాక్టరుకి ఫోన్ చేసి అడిగాను.
ముందు పన్ను తెరిచి చీముకి దారి ఇచ్చాను;
ఆవిడ భుజాలు కిందికి దిగాయి,
సగం మందు అదే.
కాగితం అడుగున తెలుగులో, పెద్ద అక్షరాల్లో,
కొట్టు వాడికి కూడా కనపడేట్టు:
ఎర్ర నొప్పి బిళ్ళ ఇవ్వకూడదు.
కింద నా సంతకం. వంకరగా వచ్చింది.

మందుల షాపు నుంచి తిరిగొచ్చి
తెల్ల బిళ్ళల అట్ట చూపించింది.
"ఇంత సవకా? ఇది పన్సేత్తాదేటి పాపా?"
చేస్తుంది అన్నాను.
కొంచెం నెమ్మదిగా, అన్నాను.
నెమ్మది అంటే ఎన్ని కూలి రోజులో
ఆవిడ లెక్కేసుకుంటూ మెట్లు దిగింది.

నాలుగు ఎర్ర బిళ్ళలు నా బల్ల మీదే ఉన్నాయి.
ఎక్కడ పారేయాలో తోచలేదు.

తర్వాతి మనిషి వచ్చి కూర్చున్నాడు,
నోరు తెరవబోయాడు.
ఆగు బాబూ, అన్నాను.
పెన్నుకి మూత పెట్టి,
మీది ఏ ఊరు?