ఆరు కిలోల ఎనిమిది వందలు

మా నాయన హిందూపురం చింతపండు మార్కెట్లో కాటా వేసేవాడు.
ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవాడు.
తూకానికి రానిది లేనట్టే లెక్క ఆయనకి.
నాకూ అంతే,
మొన్న మొన్నటిదాకా.

మల్లేశ్వరం పదిహేనో క్రాసులో
రాత్రి పదకొండుకి షట్టరు సగం దించి
సైకిల్ని కొక్కేనికి తగిలిస్తాను.
తోలు ఒలిచిన మేకపిల్లలా ఊగుతుంది.
రంగు గీకేశాం, ఎనభై గ్రాములు పోయింది.
టైటానియం బోల్టులకి ఇరవై రెండు.
హ్యాండిల్ టేపు ఒక చుట్టు తక్కువ చుట్టాను,
దాంతో ఎంత తగ్గిందో చెప్పను,
సిగ్గు.

తొక్కేది కొడగు పిల్ల, బొళ్ళమ్మ.
యాభై ఒక్క కిలోలు.
వారంగా రాత్రిపూట అన్నం మానేసిందని నాకు తెలుసు.
ఆ తగ్గింపుని మాత్రం కొక్కేనికి వేలాడదీయలేదు.

రెండో సైకిలు గోడకి ఆనుకొని ఉంది.
ఏడు కిలోల నాలుగు వందలు.
ముందు నుంచి చూస్తే కత్తి అంచు,
పక్క నుంచి చూస్తే తలుపుచెక్క.
కేబుళ్ళన్నీ కడుపులో దాచుకుంది మహాతల్లి.
ఒక్క బేరింగు మార్చాలంటే రెండున్నర గంటలు,
ఆ రెండున్నర గంటల్లో నా నోట రాని బూతు లేదు.

గాలిని కోసే సైకిలు ఇది, అంటాడు కోచ్ జోతిముత్తు.
వేగం రెండింతలైతే
గాలి నాలుగింతలు అడ్డం పడుతుందట.
"సార్, గాలి ఎన్ని గ్రాములు?" అన్నాను.
ఆయన నవ్వాడు.
నేను నిజంగానే అడిగాను.

ఆదివారం తెల్లవారక ముందు, దేవనహళ్ళి రోడ్డు.
ద్రాక్షతోటల మీద ఇంకా మంచు.
ఆమె తలుపుచెక్క మీద, పక్కనే నేను స్కూటరు మీద.
నలభై ఐదు దాటేసరికి
నా చొక్కా వీపున పటపటా కొట్టుకుంది,
ఆమె జెర్సీ ఒంటికంటుకుని కిక్కురుమనలేదు.
ఊరకే ఎడమచేయి చాచాను.
అరచేయి గాలికి ఎదురు పెడితే
ఎవరో సరుకు కుమ్మరించినట్టు వెనక్కి లాగింది.
అంచు తిప్పాను,
సరుకు దించేశారు.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ తిప్పాను.
ఒరే, ఇది కాటా పళ్ళెమేరా అనుకున్నాను.
ముల్లొక్కటే లేదు.

కానీ నంది కొండ చివరి మలుపుల్లో
గాలికి మనతో పనిలేదు.
గంటకి పన్నెండు కిలోమీటర్ల పాకుడు.
అక్కడ ప్రతి గ్రామూ
అప్పులవాడిలా పేరు పెట్టి పిలుస్తుంది.
పందెమేమో తొంభై కిలోమీటర్లు చదునున నడిచి
ఆ కొండ నెత్తినే ముగుస్తుంది.

కొక్కేనికి తగిలించిన మేకపిల్ల ఆరు కిలోల ఆరు వందల ఇరవై.
నిబంధన ఆరు ఎనిమిది వందలు.
అంతకు తక్కువైతే గీత దగ్గరే ఆపేస్తారు.
నెల రోజులు గీకి గీకి తీసింది
ఇప్పుడు తిరిగి పెట్టాలి.
నాయన ఇనుప గుండ్లు డ్రాయరులో ఉన్నాయి,
వంద ఒకటి, యాభైలు రెండు.
సీటు గొట్టంలో పడేద్దామని గుడ్డలో చుడుతుంటే
బొళ్ళమ్మ ఆపింది.
గోడ దగ్గరి సైకిలు వైపు గడ్డంతో చూపింది.
దాని చక్రాలు ఊడదీశాను,
అరచేయంత లోతు రిమ్ములు.
దీనికి ఎక్కించి తూచాను.
ముల్లు వణికి, వణికి,
ఆరు ఎనిమిది వందల ఐదు దగ్గర నిలబడింది.
గుండ్లు డ్రాయరులోకి వెళ్ళిపోయాయి.
బరువు దగ్గర మిగిల్చింది
గాలికి కట్టాం.

పందెం రోజు అడ్డగాలి.
ఆ రిమ్ములు తెరచాపలై
రెండుసార్లు ఆమెను రోడ్డంచు మట్టిదాకా తోశాయి.
ఏడో స్థానం.
పతకానికి పదకొండు సెకన్లు.

జీపులో దిగి వస్తుంటే కోచ్ వేళ్ళ మీద లెక్కలు,
ఆ పదకొండూ బరువువా, గాలివా అని.
వెనకసీట్లో కళ్ళు మూసుకునే
"అదు హసివు, సార్" అంది బొళ్ళమ్మ.
ఆకలిది.

చిక్కబళ్ళాపురం రోడ్డు మీద హోటలు.
మూడో దోసె మీద వెన్న కరిగేదాకా
ఆమె ఆగలేదు.
ఎన్ని గ్రాములో
నేనూ చూడలేదు.